సైన్స్ ప్రసంగం: సంస్థ ఆడిటోరియంలోనా, కాలనీ కమ్యూనిటీ హాల్లోనా?

హైదరాబాద్‌లో హబ్సిగూడ వైపు ఉండేవాళ్ళకి ఈ ప్రశ్నే వింతగా తోచొచ్చు. భూమి లోపలి సంగతులు పరిశోధించే ఎన్‌జీఆర్‌ఐ పేరుతో ఏకంగా మెట్రో స్టేషనే ఉంది. పక్కనే జీవకణాల మీద పనిచేసే సీసీఎంబీ, ఇటు తార్నాకలో రసాయనాల మీద పనిచేసే ఐఐసీటీ. ఇంత దగ్గర్లో శాస్త్రవేత్తలుంటే వాళ్ళని కాలనీకి పిలవడం దేనికి, మనమే వెళ్తే పోదా అని అసోసియేషన్ మీటింగుల్లో ఎవరో ఒకరు అంటారు.

వెళ్ళొచ్చు. ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం, సెప్టెంబర్ 26 ఈ మూడింటికీ మాతృసంస్థ అయిన సీఎస్‌ఐఆర్ స్థాపక దినం. ఆ రోజుల్లో ఇలాంటి సంస్థలు జనానికి తలుపులు తెరుస్తుంటాయి. మైక్రోస్కోపులో కణాన్ని చూస్తుంటే, దాని మీదే పనిచేసే పరిశోధక విద్యార్థి పక్కన నిలబడి వివరించడం కాలనీ హాల్లో కుదిరేది కాదు. ఇంట్లో హైస్కూలు, ఇంటర్ పిల్లలుంటే మరో మాట లేదు, అక్కడికే తీసుకెళ్ళండి.

ప్రసంగం సంగతి వేరు. ఆడిటోరియంలో అది ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే సాగుతుంది. చివర్లో ప్రశ్నలకి మిగిలే కాసేపూ ముందు వరుసలవాళ్ళే తీసేసుకుంటారు. రిటైరైన ఆర్టీసీ డ్రైవరో, కిరాణా కొట్టు ఆవిడో అక్కడ చెయ్యెత్తడం నేనైతే చూడలేదు.

అదే మనుషులు కమ్యూనిటీ హాల్లో ఎలా మాట్లాడతారో చూడాలంటే బోర్ల మీద ప్రసంగం పెట్టండి. "సార్, పక్కింటోళ్ళకి మూడొందల అడుగులకే నీళ్ళు పడ్డయి. మేం ఎనిమిదొందలు వేసినా దుమ్మే లేచింది, ఎందుకట్లా?" ఈ ప్రశ్న రాని కాలనీ హైదరాబాద్‌లో ఉండదు. జవాబు మన కాళ్ళ కిందే ఉంది. ఈ ఊరు కూర్చున్నది దాదాపు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైట్ మీద. గట్టి బండలో నీరు నిలవదు. పైన శిథిలమైన మొరం పొరలో, దాని కింద బండ పగుళ్ళలో మాత్రమే ఉంటుంది. లోతుకు పోయేకొద్దీ పగుళ్ళు సాధారణంగా తగ్గిపోతాయి కాబట్టి ఇంకో రెండొందల అడుగులు దించితే నీళ్ళు పడతాయన్న ఆశ చాలాసార్లు డబ్బు దండగే. పక్కింటి బోరుకు తగిలిన పగులు మన స్థలం కిందికి రాకపోవచ్చు, అంతే.

వచ్చిన శాస్త్రవేత్త ఒక నున్నటి గ్రానైట్ ముక్క, ఒక గిన్నెడు మొరం బల్ల మీద పెట్టి రెంటి మీదా గ్లాసుడు నీళ్ళు పోస్తే చాలు, ముప్ఫై స్లైడ్ల పని అయిపోతుంది. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పాయింట్ చూసే ఆయన ప్రస్తావన కూడా వస్తుంది. రానివ్వండి, నవ్వకండి. ఆయనకి డబ్బిచ్చినవాళ్ళు ఆ హాల్లోనే ఉంటారు.

బిర్లా ప్లానెటోరియం ఉందిగా అంటారేమో. 1985 నుంచి నౌబత్ పహాడ్ మీద ఉంది, తెలుగులోనూ ప్రదర్శనలున్నాయి, పిల్లలకి బాగుంటుంది. కాకపోతే అది ప్రదర్శన. ఎదురు ప్రశ్న వేసే వీలుండదు.

ఆకాశమే కావాలంటే కాలనీకే టెలిస్కోపు తెప్పించొచ్చు. వినాయక మండపం దగ్గర పెడదామని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. చవితి నాడు చంద్రుణ్ణి చూడమంటే ఎవరొస్తారు! పైగా వానాకాలం మబ్బులు. కార్తీకంలో శుద్ధ సప్తమి, అష్టమి సాయంత్రాలు మేలు. సగం చంద్రుడి మీద వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి గుంటల నీడలు స్పష్టంగా కనిపిస్తాయి. పున్నమి నాడు నీడలుండవు, అంతా చదునుగా తోస్తుంది.

నా ఓటు కాలనీ హాలుకే. నెల ఏప్రిల్ అయితే మంచిది, ట్యాంకర్ల కోసం ఫోన్లు మొదలయ్యే కాలం. మాట్లాడేవారికి అరగంట ఇచ్చి, ప్రశ్నలకి గంట ఉంచండి. ఎవరి బోరు ఎన్ని అడుగులో రాసుకు రమ్మని వాట్సాప్ గ్రూపులో ముందే చెప్పండి.