వినాయక చవితి కిట్: పాలవెల్లి కోసం కొనచ్చు, పత్రి కోసం మాత్రం వద్దు

పుణెలో మేం ఇద్దరమే ఉంటాం. అత్తగారిది రాజమండ్రి, మా అమ్మావాళ్ళది వరంగల్. చవితికి ఇక్కడా సెలవే కానీ ఒక్క రోజు సెలవుతో ఊరెళ్ళి రావడం అయ్యే పని కాదు, అందుకని ఈసారి హైదరాబాద్ నుంచి పంపే వినాయక వ్రత కిట్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాం. కొరియర్‌తో కలిపి 1,350 రూపాయలు. మట్టి విగ్రహం, పాలవెల్లి (విగ్రహం పైన వేలాడదీసి కాయలు, పళ్ళు కట్టే చట్రం), 21 రకాల పత్రి, వ్రతకల్పం పుస్తకం, పసుపు కుంకుమల నుంచి వత్తులు, జంధ్యం దాకా అన్నీ ఉంటాయని రాశారు. అన్నీ ఉన్న మాట నిజమే, ఎలా ఉన్నాయన్నదే గొడవ.

ముందు పత్రి సంగతి. తడి ఆరకుండా ప్లాస్టిక్ కవర్లో కుక్కి పంపారు. విప్పితే మారేడు, ఉమ్మెత్త నల్లగా మాడిపోయి ఉన్నాయి, గరిక పసుపు రంగుకి తిరిగి వాసనొస్తోంది. జిల్లేడు, రావి మాత్రం గట్టి ఆకులు కాబట్టి తట్టుకున్నాయి. 21 లెక్క సరిపెట్టడానికి ఒకే ఆకు రెండు మూడు పేర్లతో వేశారని నా అనుమానం, ఎందుకంటే దేవదారు అని చీటీ అంటించిన దానికీ వావిలి అన్న దానికీ నాకైతే ఏ తేడా కనపడలేదు. అసలు పుణెలో ఉంటూ ఆకులు హైదరాబాద్ నుంచి తెప్పించుకోవడం ఏంటండీ? చవితి ముందు రోజు మహాత్మా ఫులే మండై అనే ఇక్కడి మార్కెట్ వైపు వెళ్తే గరిక కట్టలు, ఎర్ర మందారాలు, పత్రి మోపులు రోడ్డు పొడుగునా పెట్టి అమ్ముతుంటారు. ఆ సాయంత్రం మా ఆయన వెళ్ళి తాజాగా తెచ్చిన వాటితోనే పూజ చేశాం. వెలగకాయ ఒక్కటే దొరకలేదు, కిట్‌లోనూ లేదు.

విగ్రహం ముద్దుగా ఉంది, రంగుల్లేని మట్టి, జానెడు ఎత్తు. ఒక చెవి అంచు పెచ్చూడింది, పసుపు ముద్దతో అతికించాం. పర్యావరణానికి మేలని పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసి, లోపల మొత్తం థర్మాకోల్ నింపడం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. విగ్రహం కూడా ఇక్కడే కొనుక్కోవచ్చు, పెణ్ ఊరి విగ్రహాలు వీధి వీధికీ వస్తాయి, మట్టిదే కావాలని గట్టిగా అడిగి తీసుకోవాలి అంతే.

ఇక పాలవెల్లి. 1,350 లో సగం దీనికే ఇచ్చానని అనుకుంటున్నా, బాధ లేదు. మా అమ్మావాళ్ళింట్లో పాలవెల్లి కట్టే అలవాటు లేదు, అత్తగారింట్లో అది లేకపోతే చవితే కాదు. ఇది మడత పెట్టుకునే చెక్క చట్రం, నాలుగు మూలలా తాళ్ళు ముందే కట్టి ఇచ్చారు. అద్దె ఫ్లాట్‌లో మేకు కొట్టనివ్వరు కాబట్టి కర్టెన్ రాడ్డుకి కట్టి దాని కింద పీట వేశాం. మొక్కజొన్న పొత్తులు, జామకాయలు, ఇక్కడి పురందర్ సీతాఫలాలు కట్టినా ఒరగలేదు. వీడియో కాల్‌లో మా అత్తగారు దాన్నే ముందు చూపించమన్నారు, మొక్కజొన్నలు ఒకే వైపు కట్టారని ఒక మాట కూడా అన్నారు.

పుస్తకం కూడా పనికొచ్చింది. అక్షరాలు పెద్దవి, పత్రి పేర్ల పక్కన వాడుక పేర్లు వేశారు, అపామార్గం అంటే ఉత్తరేణి, బృహతి అంటే వాకుడు అని. పూజ ఆయన చదువుతారు, కథ నేను చదువుతాను, శమంతకమణి దగ్గరికొచ్చేసరికి జాంబవంతుడి మాటలు మాత్రం ఆయనే గొంతు మార్చి చదవాలి, పెళ్ళయిన ఏడాది నుంచీ ఇదే ఒప్పందం. పెద్దవాళ్ళెవరూ ఉండరు కాబట్టి కథ అయ్యాక అక్షింతలు ఒకరి నెత్తిన ఒకరం వేసుకుంటాం. ఉండ్రాళ్ళు, పులిహోర ఎదురింటికి ఇస్తే వాళ్ళింటి నుంచి నెయ్యి వేసిన మోదకాలు వస్తాయి. ఊళ్ళో మూడో రోజు నిమజ్జనం చేస్తారు, ఎదురింటివాళ్ళు ఒకటిన్నర రోజు ఉంచుతారు, దాంతో మేమూ వాళ్ళతో పాటే రెండో రోజు బాల్కనీలో బకెట్‌లో కలిపేస్తున్నాం. మట్టి కుండీలోకి వెళ్తుంది. ఇది విని మా అమ్మ మొదట ఒప్పుకోలేదు, ఇప్పుడు అడగడం మానేసింది.

పసుపు, కుంకుమ, వత్తులు మామూలువే. జంధ్యం రెండు పెట్టారు, మంచిదే.

5కి 3 ఇస్తున్నా, అందులో 2 పాలవెల్లికే. పుణె లాంటి చోట కాకుండా మారేడు, గరిక దొరకని దేశంలో ఉంటే లెక్క వేరు కావచ్చు, కానీ అక్కడికి ఈ ప్యాకింగ్‌తో ఆకులు ఏ స్థితిలో చేరతాయో ఊహించుకోండి. పాలవెల్లి, పుస్తకం రెండే విడిగా అమ్ముతారా అని వాళ్ళకి మెసేజ్ పెట్టాను, ఇంకా జవాబు లేదు. ఎవరైనా ఇలాంటి మడత పాలవెల్లి విడిగా కొనుంటే ఎక్కడ దొరికిందో కింద రాయండి, మా ఆడపడుచు బెంగళూరులో ఉంది, తనకీ ఒకటి కావాలట.