పసుపెక్కిన సోల్‌కు క్రీమా, రంగా?

స్నీకర్లు సేకరించే మిత్రులు ఈ మధ్య ఎక్కడ కలిసినా అడుగుతున్నది ఒకటే. లేసులు, తోలు, స్వెడ్ (నూగు తేలిన మెత్తని తోలు) ఎలాగోలా శుభ్రం చేసుకుంటున్నాం, మరి పసుపెక్కిన సోల్‌ను మళ్లీ తెల్లగా చేయాలంటే పెరాక్సైడ్ క్రీమ్ మేలా, రంగు వేయడం మేలా? పోయిన నెలలో నా దగ్గరి రెండు జతలకు నేనూ ఇదే తేల్చుకోవలసి వచ్చింది. మొదటిది 2018 డిసెంబరులో విడుదలైన నైకీ కంపెనీ బాస్కెట్‌బాల్ బూటు జోర్డన్ 11 ‘కాంకర్డ్’; డాలస్‌లో ఉండే మా పిన్ని కొడుకు సెలవులకు వస్తూ తెచ్చిపెట్టాడు. రెండవది చేతులు మారి నా దగ్గరకు చేరిన 2012 నాటి జోర్డన్ 4. మొదటిదానికి క్రీమ్ పట్టించాను, రెండవదానికి రంగు వేశాను. రెంటికీ ఒకే మందు ఎందుకు వాడలేదన్నదే నా జవాబులో ముఖ్యమైన భాగం.

సోల్ మీది పసుపు మురికి కాదని చాలామందికి తెలిసినా, చేతిలోకి బ్రష్ రాగానే ఆ సంగతి మరచిపోతారు. రబ్బరులోనూ ప్లాస్టిక్‌లోనూ ఉండే పదార్థాలు గాలిలోని ఆక్సిజన్‌తోనూ వెలుతురులోని అతినీలలోహిత కిరణాలతోనూ ఏళ్ల తరబడి చర్య జరుపుతూ రావడం వల్ల ఆ రంగు పుడుతుంది. అది పైన పేరుకున్నది కాదు కనుక ఎంత తోమినా పోదు. జోర్డన్ 11 అడుగున ఉండే పారదర్శకమైన ఐసీ సోల్‌లో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ పసుపు ఉపరితలంతో ఆగక గాజులో కలిసిన రంగులాగా మందమంతటా ఉన్నట్టు తోస్తుంది. క్రీములో ఉండే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆ రంగును మోస్తున్న అణువులనే విరగ్గొడుతుంది. అతినీలలోహిత కాంతి ఆ పనిని వేగవంతం చేస్తుంది. ఈ పద్ధతి చెప్పుల లోకంలో పుట్టిందేమీ కాదు. పాత కంప్యూటర్ల పసుపెక్కిన ప్లాస్టిక్ పెట్టెలను తెల్లబరచడానికి 2008 ప్రాంతంలో ఆ అభిరుచి గలవారు ప్రచారంలోకి తెచ్చినదే తర్వాత స్నీకర్ల దాకా వచ్చింది.

ఏ పద్ధతి అన్నదాని కంటే ముందు చూసుకోవలసినది ఒకటుంది. ఆ పసుపు వయసుతో వచ్చిందా, పుట్టుకతోనే ఉందా? 2022 నవంబరులో వచ్చిన జోర్డన్ 1 ‘లాస్ట్ అండ్ ఫౌండ్’ మిడ్‌సోల్‌ను, అంటే అడుగుకూ బూటు పైభాగానికీ నడుమ ఉండే మందపాటి పొరను, కంపెనీయే పాతబడిన మీగడ రంగులో తయారుచేసింది, చీలమండ చుట్టూ ఉండే కాలరు తోలును కూడా పగిలినట్టే చేసి పంపింది. 1985 నాటి జత ఏదో పాత దుకాణం సరుకు గదిలో దొరికినట్టు కనిపించాలన్నది దాని ఉద్దేశం. ‘సెయిల్’ (మీగడ తెలుపు) అని రంగు పేరున్న సోల్ ఏదైనా ఈ కోవలోనిదే. అటువంటి జతను తెల్లగా చేయబూనుకోవడం కావాలని ఎక్కువ ధర పెట్టి కొన్నదాన్ని చేతులారా పాడుచేసుకోవడమే అవుతుంది.

ఇక అసలు విషయం. నా దృష్టిలో ఈ ప్రశ్నను తేల్చేది ధర కాదు, శ్రమ కాదు, ఏది ఎక్కువ కాలం నిలుస్తుందన్నది కూడా కాదు. ఆ సోల్‌కు మొదట్లో ఉన్న తెలుపు ఎక్కడి నుంచి వచ్చింది అన్నదొక్కటే తేలుస్తుంది. 1982 నుంచి వస్తున్న నైకీ వారి ఎయిర్ ఫోర్స్ 1 సోల్‌లోనూ, జోర్డన్ 1 సోల్‌లోనూ తెలుపు రబ్బరులోనే కలిసి ఉంటుంది. కోసి చూసినా లోపల అదే రంగు. ఐసీ సోల్‌లో తెలుపనేదే లేదు, ఉన్నది పారదర్శకత. జోర్డన్ 3, 4, 5, 6 వంటి నమూనాల మిడ్‌సోల్ మాత్రం పాలీయూరిథేన్ నురుగుతో పోసినది, దాని మీద కనిపించే తెలుపు ఫ్యాక్టరీలో పూసిన రంగు. కనుక మొదటి రెండింటిలో రంగు మారినది పదార్థమే, మూడవదానిలో చాలావరకు పాడైనది పై పూతే. పదార్థానికి క్రీమ్, పూతకు పూత అన్నది నేను పాటించే నియమం.

మీ జత ఏ కోవలోనిదో తెలియకపోతే చిన్న పరీక్ష ఉంది. పాదం నడిమి వంపు దగ్గర, నడిచేటప్పుడు ఎవరికీ కనిపించని చోట, దూది చుట్టిన పుల్లను ఎసిటోన్‌లో ముంచి, పిండేసి, ఒక్కసారి మెల్లగా రుద్దండి. దూదికి తెల్లని పాల మీగడలాంటి పొర అంటుకుంటే అది పూత. దూదికి ఏమీ అంటకపోయినా, కాస్త మట్టి మాత్రమే అంటినా ఆ తెలుపు పదార్థానిదే. నా జోర్డన్ 4 మీద ఈ పరీక్ష చేసినప్పుడు దూది తెల్లబడింది. రుద్దిన చోట గోరంత మేర లేత గోధుమ రంగు నురుగు బయటపడింది. నేను అప్పటిదాకా ‘పసుపు’ అనుకున్నదానిలో సగం, వెలసిపోయి పలచబడిన పూత కిందినుంచి కనిపిస్తున్న ఆ నురుగేనని అప్పుడు తెలిసింది. దాని మీద ఎంత క్రీమ్ పోసినా ఏం లాభం?

లాభం లేకపోగా నష్టం కూడా ఉంది. పాలీయూరిథేన్‌కు తేమే శత్రువు. గాలిలోని తేమ ఏళ్ల తరబడి దాని అణు బంధాలను తెంచుతూ పోతుంది, చివరికి పెట్టెలో కదలకుండా ఉన్న జత కూడా మొదటి అడుగులోనే అటుకుల్లా పొడిపొడిగా రాలిపోతుంది. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర నగరాల్లో ఉండేవారికి ఈ బెడద మరింత తొందరగా ఎదురు కావచ్చు. పగిలిన పూత మీద నీళ్లతో నిండిన క్రీమును గంటల తరబడి పట్టించి, పైన ప్లాస్టిక్ చుట్టడమంటే ఆ పగుళ్లలోకి మనమే తడిని ఎక్కించడం. అందుకే పదేళ్లు దాటిన జత చేతికి వస్తే, రంగు డబ్బా తెరవడానికి ముందు మిడ్‌సోల్‌ను బొటనవేలితో గట్టిగా నొక్కి చూస్తాను. మెత్తగా దిగబడి అలాగే ఉండిపోయినా, చిట్లిన చప్పుడు వచ్చినా ఆ జతకు రంగు కూడా దండగే.

రబ్బరు సోల్‌కు రంగు వేస్తే దీనికి తిరగబడిన కథ జరుగుతుంది. ఎయిర్ ఫోర్స్ 1 ముందుభాగం ప్రతి అడుగుకూ వంగుతుంది. ఎంత పలచగా పూసినా, ఎంత మంచి రంగైనా వేళ్ల మడత దగ్గర సన్నని గీతలు తేలి, కొన్నాళ్లకు పెచ్చులుగా లేస్తుంది. పైగా సోల్ చుట్టూ ఉండే కుట్టు దారంలోకి రంగు ఇంకి గట్టిపడితే దూరం నుంచే తెలిసిపోతుంది. ఐసీ సోల్‌కు తెల్ల రంగు వేయడమైతే అసలు ఊహించడానికే బాగుండదు. కాంకర్డ్ అడుగుభాగంలోంచి కనిపించే కార్బన్ ఫైబర్ నేతను కప్పేశాక ఇక ఆ సోల్‌లో చూడవలసినదేముంది?

కాబట్టి రబ్బరుకూ ఐసీ సోల్‌కూ క్రీమే. అక్కడ రెండో ప్రశ్న ఎదురవుతుంది: దాన్ని ఎండలో పెట్టాలా, అతినీలలోహిత దీపం కింద పెట్టాలా? మన ప్రాంతంలో ఎండకు కొదవ లేదు కనుక అందరి మనసూ డాబా మీదికే పోతుంది. నాదీ అలాగే పోయింది. మూడేళ్ల క్రితం మే నెలలో ఒక ఎయిర్ ఫోర్స్ 1 జతకు క్రీమ్ పట్టించి, క్లింగ్ ఫిల్మ్ (అతుక్కునే పలచని ప్లాస్టిక్ పొర) చుట్టి, మధ్యాహ్నం ఒంటిగంటకు మా డాబా మీద పెట్టి నాలుగింటికి తీశాను. ఎండ నేరుగా తగిలిన వైపు ఫిల్మ్ కింద క్రీమ్ పూర్తిగా ఎండిపోయి పొలుసులు కట్టింది; నీడ వైపున ఇంకా తడిగానే ఉంది. కడిగి చూస్తే సోల్ చుట్టూ ఒక చోట తెలుపు, పక్కనే పసుపు, మళ్లీ తెలుపు, అచ్చం చారల పిల్లి తోకలాగా తయారైంది. అంతకంటే బాధపెట్టినది మడమ దగ్గర సోల్ అంచు వెంట్రుకవాసి పైకి లేవడం. ఫ్యాక్టరీలో సోల్‌ను అతికించేదే జిగురును వేడిచేసి నొక్కి. అదే జిగురును నడివేసవి ఎండలో, ప్లాస్టిక్ చుట్టి, మళ్లీ వేడిచేస్తే అది పట్టు సడలించడంలో వింత లేదు.

అప్పటినుంచి నాది దీపం పక్షమే. ఒక పెద్ద అట్టపెట్టె లోపల వంటింటి అల్యూమినియం రేకు అతికించి, 395 నానోమీటర్ల ఎల్‌ఈడీ పట్టీలు రెండు బిగించుకున్నాను. బూటును తలకిందులుగా పెడతాను, పెట్టె మూసి ఉంచుతాను, వెలుగుతున్నప్పుడు ఎవరూ తొంగి చూడకుండా జాగ్రత్తపడతాను. ఆ కాంతి కంటికి మంచిది కాదు. రెండు మూడు గంటలకొకసారి తీసి, ఫిల్మ్ విప్పి, క్రీమును మళ్లీ సమంగా పరిచి చుడతాను. ఈ చాదస్తమే ఫలితాన్ని నిర్ణయిస్తుందని నా అనుభవం: క్రీమ్ ఎక్కడా ఎండకపోతే చారలు పడవు. కాంకర్డ్‌కు నాలుగు రాత్రులు పట్టింది. మొదటి రాత్రి తర్వాత తేడా ఏమీ కనిపించక నిరాశ కలిగింది. మూడవ రాత్రికి నెయ్యి రంగులో ఉన్న సోల్ మజ్జిగ తేట రంగుకు వచ్చింది. నాలుగవ రాత్రి తర్వాత కార్బన్ ఫైబర్ గళ్లు ఒక్కొక్కటీ విడిగా కనిపించసాగాయి, అక్కడితో ఆపేశాను. ఎండలోనే చేయాలనుకునేవారు డిసెంబరు, జనవరి నెలల్లో ఉదయం పూట చేసుకోవచ్చు, కానీ గంటకొకసారి మెట్లెక్కే ఓపిక ఉండాలి. గోళ్ల రంగు ఆరబెట్టడానికి వాడే చిన్న దీపాలు చాలావరకు ఒకటి రెండు నిమిషాలకే ఆరిపోతాయి కనుక రాత్రంతా వాటి పక్కన కూర్చోవలసి వస్తుంది.

క్రీమ్ విషయంలో ఖరీదైన సీసాల వెంట పడనక్కరలేదు. బ్యూటీ పార్లర్ సామాన్లు అమ్మే దుకాణంలో దొరికే జుట్టుకు రంగు వేసేటప్పుడు కలిపే డెవలపర్ క్రీమ్ సరిపోతుంది. హైదరాబాదులో నేను బేగంబజారులో కొంటాను. దాని మీద 20 వాల్యూమ్ అని ఉంటే 6 శాతం, 30 అంటే 9, 40 అంటే 12 శాతం పెరాక్సైడ్ అని అర్థం. నేను 30 దాటను. 40 తొందరగా పనిచేస్తుందనేది నిజమే, కానీ పొరపాటు చేయడానికి కూడా అంతే తొందర. చేతికి తగిలితే చర్మం తెల్లగా పాలిపోయి చురుక్కుమంటుంది, తొడుగులు తప్పనిసరి. అప్పర్ (బూటు పైభాగం) అంచు చుట్టూ మాస్కింగ్ టేప్ వేసి, రంగు దారాల కుట్టు మీద వ్యాసలీన్ పలచగా రాస్తే క్రీమ్ అక్కడికి పాకదు. స్వెడ్ ఉన్న జతలకు ఇంకా జాగ్రత్త అవసరం, ఒక్క చుక్క పడినా ఆ మచ్చ శాశ్వతం.

రంగు వేయడంలో నేను నేర్చుకున్నది తక్కువే, అయినా ఒకటి చెప్పాలి. డబ్బాలోంచి వచ్చే తెలుపు మరీ తెలుపు. పదేళ్ల తోలు పక్కన ఆ తెలుపు కొత్త పన్ను కట్టించుకున్నట్టు మెరిసిపోతుంది. జోర్డన్ 4కు ఏంజెలస్ అనే బ్రాండు తెల్ల రంగులో గోధుమ రంగు, బూడిద రంగు చెరో చుక్క కలిపి, ముందు ఒక కాగితం మీద పూసి ఆరనిచ్చి, దాన్ని తోలు పక్కన పెట్టి చూసుకుంటూ మూడుసార్లు మార్చాను. పాత పూతను ఎసిటోన్‌తో తుడిచేటప్పుడు దూది తడిగా ఉండాలి తప్ప కారకూడదు. తర్వాత సన్నని గరుకు కాగితంతో తేలికగా రుద్ది, పలచని పూతలు అయిదు వేశాను. ఒక్కో పూత పూర్తిగా ఆరాకే తర్వాతది; మందంగా ఒకేసారి వేస్తే మడత దగ్గర ముందుగా పగిలేది ఆ పూతే.

మిగిలిన మార్గాల గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. టూత్‌పేస్టు, వంటసోడా మురికిని తీస్తాయి, పసుపును తీయవు, మెరిసే పేటెంట్ తోలుకు తగిలితే గీతలు పెడతాయి. బట్టలకు వాడే క్లోరిన్ బ్లీచ్ రబ్బరును మరింత పసుపు చేయగలదు. నురుగు గుళికలను అతికించి చేసిన బూస్ట్ సోల్ ఉన్న అడిడాస్ జతలకు క్రీమే వాడవచ్చు, ఆ గుళికల సందుల్లోంచి కడిగి తీయడానికి మాత్రం మెత్తని బ్రష్ కావాలి. మిడ్‌సోల్ పొడిగా రాలుతుంటే సోల్ మొత్తం మార్పించడమో, అలమరాలో ఉంచుకుని చూసుకోవడమో తప్ప మరో దారి లేదు.

క్రీమ్‌తో వచ్చిన తెలుపు శాశ్వతం కాదు. అదే గాలి, అదే వెలుతురు మళ్లీ పని మొదలుపెడతాయి. కొందరు ఈ కారణం చూపే రంగు వైపు మొగ్గుతారు. కానీ మళ్లీ పసుపెక్కిన సోల్‌కు మళ్లీ క్రీమ్ పట్టించవచ్చు, పెచ్చులూడిన రంగునైతే ముందు గీకి తీయాలి, ఆ గీకుడులో రబ్బరు మీది అచ్చు గీతలు కూడా కొంత అరుగుతాయి. అమ్మదలచుకుంటే రెండింటిలో ఏది చేసినా కొనేవారికి చెప్పాలి. క్రీమ్ అంటే ‘సరే’ అనేవారు, రంగు అనగానే ధర తగ్గించమని అడగడం నేను చాలాసార్లు చూశాను. కాంకర్డ్ పెట్టె మూత లోపలివైపు పెన్సిలుతో తేదీ, వాడిన క్రీమ్ శాతం, ఎన్ని రాత్రులు పట్టిందీ రాసి పెట్టాను. జోర్డన్ 4 పెట్టెలో నేను కలిపిన రంగు పూసిన కాగితం ముక్కను మడిచి ఉంచాను.