స్టేట్ టేబుల్‌కి ట్రీనా, హ్యాషా: ఏది మేలు?

బెంగళూరులో మారతహళ్ళి, బెళ్ళందూరు వైపు నెట్‌వర్కింగ్ కంపెనీల్లో కొత్తగా చేరిన మన తెలుగు పిల్లలు ఈ మధ్య అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే. "అన్నా, ఓపెన్‌బీఎస్‌డీ పీఎఫ్‌లో స్టేట్ టేబుల్ రెడ్-బ్లాక్ ట్రీ. అదే పీఎఫ్ ఫ్రీబీఎస్‌డీకి వచ్చాక హ్యాష్ టేబుల్ అయింది. లైనక్స్‌లోనూ హ్యాషే. మరి ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ళకి ఆ మాత్రం తెలీదా?" తెలుసు. వాళ్ళు చూసుకునేది వేరు, అంతే. కొత్తవాళ్ళకి ఒక మాట: ఈ మూడూ ఆపరేటింగ్ సిస్టమ్‌లు, పీఎఫ్ అంటే ఫైర్‌వాల్. తనని దాటే ప్రతి కనెక్షన్‌కీ అది ఒక నోటు రాసుకుంటుంది, అదే స్టేట్. ఆ నోట్లన్నీ ఉండేది స్టేట్ టేబుల్. రెడ్-బ్లాక్ ట్రీ వాటిని సమతూకంగా కొమ్మలుగా పేరుస్తుంది. హ్యాష్ టేబుల్ చిరునామా, పోర్టుల నుంచి ఒక సంఖ్య లెక్కగట్టి, ఆ సంఖ్య చెప్పిన వరసలో పెడుతుంది.

చాలామంది ఈ ప్రశ్నకి ఇంటర్వ్యూ జవాబు చెప్పేస్తారు: ట్రీలో వెతకడానికి లాగ్ ఎన్ అడుగులు (ఎన్ అంటే స్టేట్ల సంఖ్య), హ్యాష్‌లో ఒక్క అడుగు, కాబట్టి హ్యాషే. లెక్క వేసి చూడండి. లక్ష స్టేట్లున్న ట్రీలో సుమారు 17 పోలికలు, పది లక్షలైతే 20. అడుగడుగునా మెమరీలో ఎక్కడికో దూకాలి కనుక క్యాష్ మిస్‌లు (ప్రాసెసర్ దగ్గర లేనిదాన్ని మెమరీ నుంచి తెచ్చుకునే ఆలస్యాలు) తప్పవు, నిజమే. హ్యాష్‌లో అవి తక్కువ. కానీ ఈ తేడా ఒక్కదాని కోసం బాగా నడుస్తున్న కెర్నల్ కోడ్‌ని ఎవరూ తిరగరాయరు.

నా దృష్టిలో అసలు విషయం వెతకడం కాదు, రాయడం. టేబుల్‌లో కొత్త స్టేట్ ఎంత తరచుగా చేరుతోంది, పాతది ఎంత తరచుగా పోతోంది అన్నది చూడాలి.

మారతహళ్ళిలో ఒక పీజీ హాస్టల్ తీసుకోండి. వందల ఫోన్లు, ఒకటే ఇంటర్నెట్ లైను, మధ్యలో పీఎఫ్ నడిచే ఒక డబ్బా. రాత్రి భోజనాలయ్యాక అందరూ ఫోన్లు పట్టుకుంటారు. ఒక్క యాప్ తెరిస్తే చాలు, వరసగా డీఎన్‌ఎస్ ప్రశ్నలు (సైటు పేరుకి ఐపీ చిరునామా అడిగేవి) బయల్దేరతాయి. ఒక్కో ప్రశ్నకి పోయే ప్యాకెట్ ఒకటి, వచ్చే ప్యాకెట్ ఒకటి. ఆ రెండింటి కోసం ఒక స్టేట్ పుట్టాలి. తర్వాత ఏ ప్యాకెట్టూ రాకపోతే, పీఎఫ్ డిఫాల్ట్ టైమౌట్ల ప్రకారం 30 నుంచి 60 సెకన్లలో అది పోవాలి. అంటే రెండు ప్యాకెట్లకి రెండుసార్లు టేబుల్‌లో రాత. అదే ఆఫీసులో పొద్దున తెరిచిన ఒక ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ సాయంత్రం దాకా ఉంటుంది. వేల ప్యాకెట్లు పోతాయి, రాత మాత్రం రెండుసార్లే. రెండు చోట్లా స్టేట్ల సంఖ్య ఒకేలా కనపడొచ్చు, టేబుల్ మీద పడే భారం మాత్రం వేరు.

ట్రీకి చిక్కు వచ్చేది ఇక్కడే. కొత్త నోడ్ పెడితే, సమతూకం కోసం నోడ్ల రంగులు మారి, రొటేషన్లు (నోడ్లు చోటు మారడం) జరిగి, ఆ సర్దుబాటు ఒక్కోసారి రూట్ దాకా పోతుంది. ఎంతవరకు పోతుందో ముందుగా తెలీదు కాబట్టి మొత్తం ట్రీకి లాక్ వేయాలి. ఓపెన్‌బీఎస్‌డీలో ఉన్నది రీడ్-రైట్ లాక్. వెతికేవాళ్ళు (అంటే ప్రాసెసర్ కోర్లు) ఎంతమందైనా ఒకేసారి లోపలుండొచ్చు, రాసేవాడు వస్తే మాత్రం మిగతా అందరూ ఆగాలి. పైన చెప్పిన ఆఫీసుకి ఇది హాయిగా సరిపోతుంది. పీజీకి సరిపోదు.

ఫ్రీబీఎస్‌డీలో ఒకప్పుడు ఇంకా ఘోరం. పీఎఫ్ మొత్తానికి ఒకే మ్యూటెక్స్ (ఒక్కసారికి ఒక్కరినే లోపలికి పంపే లాక్), పెళ్ళి భోజనాల దగ్గర వందమందికి ఒకే కుళాయి పెట్టినట్టు. 2012లో ఫ్రీబీఎస్‌డీ డెవలపర్ గ్లెబ్ స్మిర్నాఫ్ దాన్ని విడగొట్టి, ట్రీలు తీసేసి హ్యాష్ టేబుళ్ళు పెట్టాడు. 2014 జనవరిలో వచ్చిన 10.0 వెర్షన్‌తో అది అందరికీ అందింది. ఇందులో ప్రతి వరసకీ సొంత లాక్ ఉంటుంది. ఒక కోర్ ఒక వరసలో రాస్తుంటే మరో కోర్ ఇంకో వరసలో రాసుకోవచ్చు. కాలం తీరిన స్టేట్లని ఏరే థ్రెడ్ కూడా ఒక్కో వరసే పట్టుకుని, కొంచెం కొంచెంగా ముందుకు పోతుంది.

ఈ మార్పులో నాకు బాగా నచ్చిన చోటు ఒకటుంది. నాట్ (లోపలి చిరునామాని బయటి చిరునామాగా మార్చడం) ఉన్న స్టేట్‌కి రెండు కీలు (వెతకడానికి వాడే గుర్తులు) ఉంటాయి, లోపలి చిరునామాతో ఒకటి, బయటి చిరునామాతో ఒకటి. అవి రెండు వేర్వేరు వరసల్లో పడతాయి కనుక రెండు లాక్‌లూ కావాలి. ఒక కోర్ మొదటిది పట్టుకుని రెండోదాని కోసం, ఇంకో కోర్ రెండోది పట్టుకుని మొదటిదాని కోసం చూస్తూ కూర్చుంటే ఇద్దరూ అక్కడే ఉండిపోతారు. అందుకే మెమరీలో ఏ వరస అడ్రస్ చిన్నదో దాని లాకే ముందు తీసుకోవాలని నియమం. లైనక్స్ స్టేట్ టేబుల్ అయిన కాన్‌ట్రాక్‌లోనూ పోయే దిశకొకటి, వచ్చే దిశకొకటి ఎంట్రీలుంటాయి, అక్కడా చిన్న నంబర్ లాకే ముందు. 2014లో వచ్చిన 3.15 కెర్నల్‌లో ఉమ్మడి లాక్ తీసేసి 1024 లాక్‌లు పెట్టారు. వెతికేవాళ్ళు ఆర్‌సీయూ (లాక్ లేకుండానే చదవనిచ్చే పద్ధతి) పుణ్యమా అని అసలు లాకే తీసుకోరు.

అయితే హ్యాష్‌తో అన్నీ లాభాలే అనుకోకండి. ఫ్రీబీఎస్‌డీలో టేబుల్ సైజు బూట్ సమయంలోనే ఖాయమవుతుంది. డిఫాల్ట్ 131072 వరసలు, స్టేట్ల పరిమితి లక్ష. ఎవరో పరిమితిని పది లక్షలకి పెంచి హ్యాష్ సైజు ముట్టుకోకుండా వదిలేస్తారు. టేబుల్ నిండి, అన్నీ నాట్ స్టేట్లే అయితే 20 లక్షల కీలు, అంటే వరసకి సగటున 15. కొత్త కనెక్షన్‌కి టేబుల్‌లో స్టేట్ ఉండదు కదా, అది లేదని తేల్చుకోవడానికి ఆ 15 కీలూ లాక్ పట్టుకునే చూడాలి. ట్రీలో అయినా 21 దగ్గర ఆగేవాళ్ళం, పెద్ద తేడా ఏముంది! స్టేట్లు ఎన్ని పెరిగినా ట్రీ తనంతట తానే సర్దుకుంటుంది, ఎవరూ సైజు చెప్పక్కర్లేదు. పైగా పోర్టులు ఏరి ఏరి అన్నీ ఒకే వరసలో పడేట్టు పంపే దుర్మార్గుడి బెడద ట్రీకి లేదు. హ్యాష్‌లో దానికోసం రహస్య సంఖ్య ఒకటి కలపాలి, ఫ్రీబీఎస్‌డీ, లైనక్స్ రెండూ అదే చేస్తాయి. ఇంకోటి, ఒకే పెద్ద డౌన్‌లోడ్ లైనంతా తినేస్తుంటే వరస లాక్‌ల వల్ల ఒరిగేదేమీ లేదు. దాని ప్యాకెట్లన్నీ ఆ ఒక్క వరసకే వస్తాయి.

ఇన్ని చెప్పినా, నాలుగు కోర్లకి మించి ఉండి, వెనక జనం ఫోన్లున్న చోట నేను హ్యాష్‌కే ఓటేస్తాను. ఇంట్లో పెట్టుకునే చిన్న డబ్బాకి ఏదైనా ఒకటే.

మీరే కోడ్ మార్చాలనుకుంటే మాత్రం హ్యాష్ రాయడం ఒక సాయంత్రం పని అని మేనేజర్‌కి మాటివ్వకండి. ఏరే థ్రెడ్, రెండో ఫైర్‌వాల్‌కి స్టేట్లు పంపే పీఎఫ్‌సింక్, స్టేట్ల జాబితా ఇచ్చే కోడ్, అన్నీ పెద్ద లాక్ ఉందన్న ధీమాతో రాసినవే. ఆ ధీమా పోయాక ఒక్కోదాన్నీ మళ్ళీ చదవాలి. టెన్షన్ అంతా అక్కడే.

మిగతావి క్లుప్తంగా. నెట్‌బీఎస్‌డీ ఫైర్‌వాల్ ఎన్‌పీఎఫ్‌లో హ్యాష్, ట్రై (కీని ముక్కముక్కగా చూస్తూ దిగే ట్రీ) కలిపిన నిర్మాణం ఉంది. చదవడానికి బాగుంటుంది, వాడేవాళ్ళు నాకు తగల్లేదు. ఐపీల జాబితాలకి పీఎఫ్ వాడేది రేడిక్స్ ట్రీ, దాన్ని కదపక్కర్లేదు. లైనక్స్ ఫైర్‌వాల్ ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో అడ్రస్ రేంజ్, పోర్ట్ రేంజ్ కలిపి వెతకాలంటే 5.6 కెర్నల్‌తో వచ్చిన పిపాపో అనే పద్ధతి ఉంది. అది రూల్స్‌కి, మన ప్రశ్న స్టేట్లది.

మీ డబ్బా ఏ కోవదో తెలియాలంటే పీఎఫ్‌ని అడిగే కమాండ్ పీఎఫ్‌సీటీఎల్‌కి మైనస్ ఎస్ ఇన్ఫో ఇచ్చి చూడండి. సెర్చెస్ (వెతకడం), ఇన్సర్ట్స్ (చేర్చడం), రిమూవల్స్ (తీసేయడం) అని మూడు లైన్లు, పక్కనే సెకనుకి ఎన్నో వస్తాయి. సెర్చ్‌ల ముందు ఇన్సర్ట్‌లు నామమాత్రంగా ఉంటే ట్రీని అలాగే ఉంచండి. ఇన్సర్ట్‌లు సెర్చ్‌లకి దగ్గరగా వస్తుంటే హ్యాష్ ఉన్న ఫ్రీబీఎస్‌డీకి మారండి, మారేటప్పుడు బూట్ సమయంలో చదివే లోడర్ ఫైల్‌లో హ్యాష్ సైజు కూడా పెంచండి. అది రెండుకి ఏదో ఒక ఘాతమే అయ్యుండాలి, 131072, 262144 లాగా.