ప్రైవేటు సైకోథెరపీ: రెండేళ్ళు దాటిన తర్వాత నా అంచనా

నేను హైదరాబాదులో ఒక బ్యాంకు శాఖలో పనిచేస్తున్నాను. రాత్రి నిద్ర పట్టకపోవడం, పై ఆఫీసు నుంచి ఫోను వస్తే చాలు గుండె దడదడలాడటం, ఒకసారి పాస్ చేసిన వోచరునే మళ్ళీ మళ్ళీ తెరిచి చూసుకోవడం ఎక్కువైనప్పుడు, మా ఫిజీషియన్ ఈసీజీ, థైరాయిడ్ పరీక్షలు చేయించి, వాటిలో లోపమేమీ లేదని తేల్చి, క్లినికల్ సైకాలజిస్టును కలవమన్నారు. రెండేళ్ళకు పైగా ఒక ప్రైవేటు సైకాలజిస్టు దగ్గర థెరపీ, అంటే మాటల ద్వారా చేసే చికిత్స, తీసుకుంటున్నాను. మొదలుపెట్టేవారికి ఏమి ఎదురవుతుందో, ఆ డబ్బుకు ఏమి దక్కుతుందో నా అనుభవం మేరకు ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఎవరి దగ్గరకు వెళ్ళాలన్నది తేల్చుకోవాలి. సైకియాట్రిస్టు వైద్యుడు, మందులు రాసే అధికారం ఆయనకు ఉంటుంది. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, కానీ భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, వద్ద నమోదై ఉండాలి; ఆ నమోదు సంఖ్యను మండలి వెబ్‌సైటులో ఎవరైనా సరిచూసుకోవచ్చు. కౌన్సెలర్ అన్న బోర్డు కింద మాత్రం రకరకాల చదువులవారు కనిపిస్తారు. వారిలో మంచివారు లేరని కాదు గానీ, ఏమి చదివారో, ఎవరి పర్యవేక్షణలో శిక్షణ పొందారో అడగడానికి మొహమాటపడనక్కరలేదు. నేను మొదట వెళ్ళిన ఒక కేంద్రంలో ఆ వివరాలు అడిగితే, నమోదు సంఖ్యకు బదులుగా ముందే డబ్బు కట్టవలసిన ప్యాకేజీ గురించి చెప్పారు. కూర్చున్న కాసేపట్లోనే నా సంగతి పక్కకు పోయి, ఆ కౌన్సెలర్ గారి కుటుంబంలో వచ్చిన కష్టాలూ, వాటిని ఆయన ధ్యానంతో జయించిన తీరూ వినవలసి వచ్చింది. ఇప్పుడు నేను వెళ్తున్న మేడమ్ గురించి నాకు ఈనాటికీ ఊరూ పేరూ చదువూ తప్ప ఏమీ తెలియదు. అది ఆమె బిగువు కాదు, ఆ గదిలో సమయమంతా నాదేనన్న నియమం.

ఖర్చు సంగతి. నేను మొదలుపెట్టినప్పుడు యాభై నిమిషాల సెషన్‌కు 1,500 రూపాయలు, ఇప్పుడు 1,800. మొదట్లో వారానికొకటి తప్పనిసరి అన్నారు కాబట్టి నెలకు ఆరు వేలు దాటింది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం శారీరక వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ బీమా వర్తించాలి. కానీ నా పాలసీ ఆసుపత్రిలో చేరితేనే పనిచేస్తుంది. చేరకుండా తీసుకునే చికిత్సకు విడిగా ఓపీడీ కవరు ఉండాలి, అది నాకు లేదు. కాబట్టి ఇదంతా జేబులోంచి పెట్టుకునే ఖర్చే అనుకుని దిగాలి.

మొదటి సెషన్‌లో సగం సమయం కాగితాలకే పోయింది. సమ్మతి పత్రంలో గోప్యత గురించి వివరంగా ఉంది: నేను చెప్పినది బయటకు పోదు, అయితే నా ప్రాణానికి గాని, ఇతరుల ప్రాణానికి గాని ముప్పు ఉన్నప్పుడు, న్యాయస్థానం ఆదేశించినప్పుడు ఆ నియమానికి మినహాయింపు ఉంటుంది. రద్దు చేసుకోవాలంటే 24 గంటల ముందు తెలియజేయాలి, లేకపోతే పూర్తి ఫీజు కట్టాలి. ఆ తర్వాత నిద్ర, ఆకలి, మద్యం, తల్లిదండ్రుల తరఫున ఎవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉండేదా అన్న ప్రశ్నలు వచ్చాయి. చనిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా అని ఆమె తడబాటు లేకుండా, వేరే ప్రశ్నలు అడిగిన గొంతుతోనే అడిగారు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదని కూడా చెప్పారు. ఆందోళన ఎంత ఉందో కొలిచే జీఏడీ-7 అనే ఏడు ప్రశ్నల పత్రం నింపించారు. 21కి నాకు 16 వచ్చింది. 15 గాని, అంతకంటే ఎక్కువ గాని వస్తే తీవ్రమైన ఆందోళన కింద లెక్క.

తర్వాతి కొన్ని వారాలే అన్నిటికంటే కష్టం, ఎందుకంటే ఏమీ జరుగుతున్నట్టు ఉండదు. డాక్టరు దగ్గర ఐదు నిమిషాల్లో చీటీ రాయించుకోవడానికీ, పెద్దవాళ్ళ దగ్గర ఒక్క మాటలో సలహా తీసుకోవడానికీ అలవాటు పడినవాళ్ళం మనం. "ఏం చేయమంటారు మేడమ్?" అని అడిగితే, "చేస్తే ఏమవుతుందని మీకు అనిపిస్తోంది?" అని తిరిగి నన్నే అడిగేవారు. ఇంటికి వస్తే మా అమ్మ, "ఏరా, ఏం మందిచ్చారు? మాట్లాడ్డానికే అంత డబ్బయితే మా దగ్గర మాట్లాడకూడదా?" అనేది. అమ్మ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. కానీ అమ్మకు చెబితే ఆమెకు నిద్ర పట్టదన్న భయంతో సగం దాచి చెప్పేవాణ్ణి. ఆ గదిలో దాచవలసిన అవసరం లేదని నమ్మకం కుదరడానికే ఆ వారాలన్నీ పట్టాయి. నాకు తెలిసినవారిలో మధ్యలో మానేసినవారు ఎక్కువమంది ఈ దశలోనే మానేశారు.

అసలు పని ఇంటి దగ్గర చేసే రాతతో మొదలైంది. మేడమ్ వాడే పద్ధతి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే మన ఆలోచనలనూ అలవాట్లనూ పరీక్షించి మార్చుకునే చికిత్స. 1960లలో అమెరికన్ సైకియాట్రిస్టు ఆరన్ బెక్ రూపొందించిన చికిత్స దీనికి ముఖ్యమైన మూలం. నోటుబుక్కులో గళ్ళు గీసి, ఏం జరిగింది, వెంటనే ఏమనిపించింది, దాన్ని ఎంత శాతం నమ్ముతున్నాను, అందుకు ఆధారమేమిటి, వ్యతిరేక ఆధారమేమిటి అని రాయాలి. ఒక రాత పూర్తిగా చెబుతాను. సాయంత్రం క్యాష్ టాలీ అయి ఇంటికి బయలుదేరాక రీజినల్ ఆఫీసు నుంచి మిస్డ్ కాల్ వచ్చింది. "ఏదో తప్పు ఎంట్రీ పడింది, మెమో ఇస్తారు" అన్నది వచ్చిన ఆలోచన. నమ్మకం 90 శాతం. అనుకూల ఆధారం గడిలో, ఎంత ఆలోచించినా, "ఫోను వచ్చింది" అన్న ఒక్క మాట తప్ప రాయడానికి ఏమీ దొరకలేదు. వ్యతిరేక ఆధారం గడిలో, ఆ ఆఫీసు నుంచి అంతకుముందు వచ్చిన ఫోనులు స్టేట్‌మెంట్ల కోసమో, సెలవు లిస్టు కోసమో వచ్చినవేనని రాశాను. చివరికి నమ్మకం 40కి దిగింది. సున్నాకు రాలేదే అని నేను నిరాశపడితే, సున్నా అవసరం లేదని, 40 శాతం భయంతో అన్నం తిని పడుకోవచ్చని మేడమ్ అన్నారు. ఆ రాత్రి పడుకోగలిగాను కూడా. (ఫోను వచ్చింది ఒక రిటర్ను గురించి.)

రాతకు తోడుగా ప్రయోగాలు ఉంటాయి. పాస్ చేసిన వోచరును ఒక్కసారే సరిచూసి, మళ్ళీ తెరవాలన్న తహతహ ఎంతసేపు ఉంటుందో గడియారం చూసి రాయమన్నారు. మొదటి రోజు ఒళ్ళంతా చెమట పట్టింది. తెరవకుండా ఊరుకుంటే ఆ తహతహ దానంతట అదే తగ్గుతుందని పుస్తకంలో చదివితే నమ్మేవాణ్ణి కాదు.

ఇది చెప్పకుండా ఉండలేను: థెరపీ నచ్చకపోతే ఆ మాట థెరపిస్టుతోనే చెప్పాలి. ఆమె ఇచ్చిన ఫారాలు ఇంగ్లీషులో ఉండేవి. అందులో నేను రాసినవి ఆడిట్ రిపోర్టుకు జవాబుల్లా పొందికగా, ప్రాణం లేకుండా ఉండేవి. తెలుగులో రాస్తానని, కొన్ని సెషన్లు వృథాగా అనిపిస్తున్నాయని కూడా చెప్పేశాను. ఆమె చిన్నబుచ్చుకోలేదు, ఏ సెషన్లు, ఎందుకు అని అడిగి రాసుకున్నారు. అధికారులకు ఎదురు చెప్పలేకపోవడమే నా ఇబ్బందిలో పెద్ద భాగం కాబట్టి, నాకు ఆ పది నిమిషాలు మిగిలిన నెలంతటికంటే ఎక్కువ పనికొచ్చాయి. ఇలాంటి మాటకు నొచ్చుకునే థెరపిస్టు అయితే మార్చుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

మధ్యలో నిద్ర మరీ చెడినప్పుడు మేడమే సైకియాట్రిస్టు దగ్గరకు పంపారు. కొన్ని నెలలు మందు వాడి, ఆయన చెప్పిన ప్రకారం నెమ్మదిగా తగ్గించుకుంటూ ఆపాను. ఆన్‌లైన్ సెషన్లూ చూశాను. వాటికి ఉన్న ఇబ్బంది ఇంటర్నెట్ కాదు, ఇల్లు. పక్క గదిలో నాన్న టీవీ చూస్తుంటే నాన్న గురించి మాట్లాడలేక, అపార్ట్‌మెంటు సెల్లారులో కారు అద్దాలు ఎత్తుకుని కూర్చునేవాణ్ణి.

లోపాలూ ఉన్నాయి. సెషన్ అయిన సాయంత్రం ఏ పనీ చేయలేనంత అలసట వస్తుంది. మేడమ్ సెలవులో ఉంటే ఆ స్థానంలో ఎవరూ ఉండరు. ప్రైవేటు ప్రాక్టీసు కాబట్టి ఒక్కరి మీదే అంతా నడుస్తుంది. ప్రాణాపాయం కలిగించే ఆలోచనలు ఉన్నవారు అపాయింట్‌మెంటు కోసం ఆగకూడదు: 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఫీజు భరించలేనివారికి హైదరాబాదులో ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాల, విశాఖపట్నంలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి.

ఇప్పుడు నా జీఏడీ-7 స్కోరు ఐదు, ఆరు మధ్య ఉంటోంది. ఇన్‌స్పెక్షన్ వారంలో పెరుగుతుంది, తర్వాత దిగుతుంది. సెషన్లను నెలకు ఒకటికి తగ్గించాము, దాన్నీ రెండు నెలలకు ఒకటి చేద్దామని మేడమే ప్రతిపాదించారు. ఏప్రిల్ నుంచి ఫీజు 2,000 అవుతుందని ముందే చెప్పారు. ఆ లెక్కన అది నాకు భారం కాదు కాబట్టి కొనసాగిస్తున్నాను.