బూజు పట్టిన భూతద్దం: ఆరేళ్ల వాడకం తర్వాత

ఆరేళ్లుగా నా మెడలో ఒక పది రెట్ల భూతద్దం వేలాడుతోంది. మూడు గాజులు అతికించి చేసిన ట్రిప్లెట్ రకం, మడిస్తే బొటనవేలంత ఉంటుంది. సహజ అడవుల్లో చెట్లను కుళ్లబెట్టే ఫంగస్‌లను, వాటిలోనూ అరుదైనవాటిని గుర్తుపట్టే పిచ్చి పట్టుకున్నాక కొన్నాను.

నిజానికి ఇది రెండోది. మొదటిదాని మీద 30 రెట్లు అని చెక్కి ఉండేది. చూస్తే ఏదో తేడాగా అనిపించి, ఎదురుగా ఉన్న కిటికీ బొమ్మ కాగితం మీద పడేలా పట్టుకుని స్కేలుతో కొలిచాను. అద్దానికీ కాగితానికీ మధ్య సుమారు 25 మిల్లీమీటర్లు వచ్చింది. కంటికి హాయిగా కనిపించే దూరంగా లెక్కల్లో తీసుకునే 250 మిల్లీమీటర్లను దాంతో భాగిస్తే పది. నిజంగా 30 రెట్లు పెంచేదైతే 8 మిల్లీమీటర్ల దగ్గరే బొమ్మ పడాలి. పైగా అంచుల్లో ఇంద్రధనుస్సు రంగులు. పెట్టెలో పడేశాను. కొత్తగా కొనేవాళ్లు పైన రాసిన అంకెను నమ్మకుండా ఈ చిన్న పరీక్ష చేసుకుంటే మంచిది. 20 రెట్లది కూడా ఒకటి ఉంది కానీ వస్తువుకు 12 మిల్లీమీటర్ల దగ్గరికి వెళ్లాలి, నా తల నీడే దాని మీద పడుతుంది. అది ఇంట్లో బల్ల మీదే.

పట్టుకునే పద్ధతి అలవాటు కావడానికి నాకు నెల పట్టింది. లెన్స్‌ను కంటికి ఆనించి, చూసే వస్తువును దగ్గరికి తెచ్చుకోవాలి. దుంగకు అతుక్కున్న ఫంగస్ మన దగ్గరికి రాదు కాబట్టి మనమే మోకాళ్ల మీద కూర్చోవాలి, ఒక్కోసారి తడి ఆకుల్లో వెల్లకిలా పడుకోవాలి. ఎందుకంటే అసలు సంగతంతా అడుగునే ఉంటుంది. నేల మీద పడిన మాను కింద తల పట్టనప్పుడు పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దం పనికొస్తుంది.

ఫొటో చూసి జాతి పేరు చెప్పే ఫోన్ యాప్ ఉండగా ఇంత అవస్థ ఎందుకని చాలామంది అడుగుతారు. యాప్ నేనూ వాడతాను. కానీ అది ఫొటోలు చూసి నేర్చుకున్నది. మామూలు జాతులకు లెక్కలేనన్ని ఫొటోలు ఉంటాయి, అరుదైనవాటికి గుప్పెడు. అందుకని అనుమానం వచ్చిన ప్రతిసారీ అది మామూలుదాని వైపే మొగ్గుతుంది. పైగా మనం తీసేది పైభాగం ఫొటో. రంగురంగుల చారలతో విసనకర్రలా ఉన్న ఒక ఫంగస్‌ను చూపిస్తే ఏమాత్రం తడుముకోకుండా, అడుగున సన్నటి రంధ్రాలుండే మామూలు జాతి ట్రామెటిస్ వెర్సికలర్ అంది. తిప్పి లెన్స్ పెడితే అడుగు నున్నగా ఉంది, రంధ్రమన్నదే లేదు. అది స్టీరియం అనే వేరే ఫంగస్. ట్రామెటిస్ అయితే మిల్లీమీటరుకు మూడు నుంచి ఐదు రంధ్రాలు కనిపించాలి.

ఈ రంధ్రాల లెక్కే ఈ లెన్స్ చేసే అతి పెద్ద పని. పారదర్శకంగా ఉన్న స్కేలు ముక్కను అడుగుభాగానికి ఆనించి, రెండు గీతల మధ్య వరసగా ఎన్ని రంధ్రాలు వచ్చాయో లెక్కపెడతాను. ఐదు చోట్ల చూసి రాసుకుంటాను. అంచు దగ్గర ఇంకా పెరుగుతున్న రంధ్రాలను వదిలేస్తాను, వాలుగా ఉన్నచోట రంధ్రాలు సాగిపోతాయి కాబట్టి అక్కడా లెక్కపెట్టను.

ఒకసారి ముసలి విల్లో చెట్టు దగ్గర నిలబడగానే సోంపు వాసన కొట్టింది. నా కాళ్లు నేల మీద లేవు. హాప్లోపోరస్ ఒడోరస్ చల్లటి ఉత్తర దేశాల పాత అడవుల్లో, ఎక్కువగా విల్లోల మీదే పెరిగే అరుదైన ఫంగస్, దాని వాసనా అచ్చం ఇదే. ఇంట్లోవాళ్లకు ఫోన్ కూడా చేసేశాను. తర్వాత లెక్కపెడితే మిల్లీమీటరుకు రెండే రంధ్రాలు. ఒడోరస్‌కి మూడు నుంచి ఐదు ఉంటాయి. చిన్న ముక్క కోసి చూస్తే ఆ రంధ్రాల లోపలి గొట్టాలు ఒకే పొర. ఒడోరస్ ఏళ్ల తరబడి బతుకుతుంది కాబట్టి పొర మీద పొర కనిపించాలి. ఇది ట్రామెటిస్ సువావియోలెన్స్, అదే చెట్టు మీద అదే వాసనతో పెరిగే మామూలుది. లెన్స్ నాకు చేసిన మేలు ఎక్కువగా ఈ రకమే. అరుదైనవి దొరికించింది తక్కువ, అరుదైనవని నేను ఎగిరి గంతేసినవాటిని కాదని తేల్చింది ఎక్కువ.

ఒక్కటి మాత్రం నిజంగా దొరికింది. కూలిపోయిన పాత స్ప్రూస్ మాను, చెక్క గోధుమ రంగుకు తిరిగి అగ్గిపెట్టెల్లా ఘనాలుగా పగిలి ఉంది. అంటే కుళ్లబెట్టినది చెక్కలోని సెల్యులోజ్ అనే పీచును తిని, లిగ్నిన్ అనే గట్టి గోధుమ పదార్థాన్ని వదిలేసే రకం. దాని మీద మెత్తటి తెల్లటి ఫంగస్. వేలితో నొక్కినచోట కాసేపటికి ఎర్రటి గోధుమ మచ్చ తేలింది. అమైలోసిస్టిస్ లాపోనికా అనే అరుదైన జాతి అని అనుమానం, టెన్షన్ కూడా. లెన్స్ అక్కడితో ఆగిపోయింది. గోరంత ముక్కను కాగితం కవర్లో పెట్టుకుని వచ్చి, అయోడిన్ కలిసిన మెల్జర్ ద్రావణం వేసి మైక్రోస్కోప్‌లో చూశాక, ఫంగస్ దారాలు నీలం తిరిగాకే నమ్మాను. దీనికంటే ముందు ఒక మంచి నమూనాను ప్లాస్టిక్ కవర్లో తెచ్చి పాడుచేసుకున్నాను. సాయంత్రానికి అది చెమట పట్టి జిగురైంది.

చెక్కకు సున్నం పూసినట్టు పరుచుకునే పొర ఫంగస్‌ల దగ్గరైతే పది రెట్లకు చేతులెత్తేయడమే. బీజాలు మైక్రాన్లలో ఉంటాయి, కనీసం 400 రెట్లు కావాలి. ఒక్క మినహాయింపు హైమెనోకీటె అనే పొర ఫంగస్. దాని పొర మీద నిక్కబొడుచుకున్న గోధుమ ముళ్లు ఈ లెన్స్‌లోనే కనిపిస్తాయి, మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు జలదరించింది.

ఈ లెన్స్‌కు జోడీగా 5 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చిన్న సీసా ఉంచుకుంటాను. ఫెల్లినస్ కుటుంబపు ఫంగస్‌ల మీద చుక్క వేస్తే గోధుమ కండ నల్లబడుతుంది, హాపలోపైలస్ రుటిలన్స్ మీద వేస్తే ఊదా రంగు విరబూస్తుంది. చర్మాన్ని కాల్చే క్షారం అది, జాగ్రత్త. నా అజాగ్రత్త గుర్తు లెన్స్ అంచున పాలపొరలా మిగిలింది, ఎంత తుడిచినా పోదు.

మిగతా ఫిర్యాదులు చిన్నవే. మడత స్క్రూ ఏడాదికోసారి వదులవుతుంది. నల్లటి తాడుతో వచ్చింది, ఆకుల్లో రెండుసార్లు పోగొట్టుకుని గంటల తరబడి వెతికాక నారింజ రంగు తాడు కట్టాను. వానాకాలమంతా తడి సంచిలో వదిలేయడం నా తప్పే, నాలుగో ఏడు గాజుల మధ్య సన్నటి సాలెగూడు లాంటిది మొదలైంది. బూజును వెతికే అద్దానికే బూజు. ఇప్పుడు సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెడుతున్నాను, అది అంతటితో ఆగింది. అది నిజంగా బూజేనా, గీతలా అని చూడటానికి పెట్టెలోంచి ఆ దొంగ 30 రెట్లదాన్ని తీశాను. దారాలు, కొమ్మలుగా చీలినవి, స్పష్టంగా కనిపించాయి. దాన్ని కొన్నాక అది పనికొచ్చింది ఆ ఒక్కరోజే.