సవానా, టైబీనా? చార్లెస్టన్, ఫాలీనా? రెండు రాత్రుల ట్రిప్‌కి ఏది మేలు?

లాంగ్ వీకెండ్ దగ్గర పడితే చాలు, అట్లాంటా, షార్లెట్ తెలుగువాళ్ల నుంచి వచ్చే ప్రశ్న ఒకటే: ఇద్దరమే వెళ్తున్నాం, పాత ఊరూ చూడాలి, బీచ్‌లోనూ గడపాలి, సవానాకి (జార్జియా; బీచ్ పక్కనున్న టైబీ దీవి) వెళ్లమంటారా, చార్లెస్టన్‌కా (సౌత్ కరోలినా; బీచ్ ఫాలీ)? హోటల్ రేట్లూ రివ్యూలూ అన్నీ చూసుకునే అడుగుతారు. ఎవరూ చూడనిది సముద్రపు ఆటుపోట్లు. నా లెక్కలో తేల్చేది అవే.

ముందు దూరం సంగతి. అట్లాంటా నుంచి సవానా 250 మైళ్లు, నాలుగు గంటలు. మేకన్ దాకా ఐ-75, అక్కణ్ణుంచి ఐ-16. ఈ ఐ-16 మీద పైన్ చెట్లు తప్ప చూడ్డానికేమీ లేదు, గ్యాస్ డబ్లిన్ దగ్గర 51వ ఎగ్జిట్లో కొట్టించేసుకోండి. చార్లెస్టన్ కొలంబియా మీదుగా 300 మైళ్లు, ఐదు గంటలు. షార్లెట్ వాళ్లకి ఇది తిరగబడుతుంది: చార్లెస్టన్ మూడున్నర గంటలు, సవానా నాలుగు.

ఇక ఆటుపోట్లు. విశాఖ బీచ్ చూసిన అలవాటుతో ఈ తీరానికి వెళ్తే లెక్క తప్పుతుంది. పోటుకీ (నీళ్లు పొంగే వేళ) ఆటుకీ (తగ్గే వేళ) మధ్య నీటిమట్టం తేడా టైబీ దగ్గర ఏడడుగుల దాకా ఉంటుంది, చార్లెస్టన్ రేవులో ఐదడుగుల పైమాటే. అమావాస్యకీ పున్నమికీ ఇంకా పెరుగుతుంది, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మరీను. ఆ తిథుల్లో పోటు ఉదయం, రాత్రి ఎనిమిది తొమ్మిది గంటల ప్రాంతంలో, ఆటు మధ్యాహ్నం రెండు మూడింటికి వస్తాయి. అష్టమి దగ్గర తిరగబడి ఆ మధ్యాహ్నం రెండు మూడింటికే పోటు. గోడ మీది తెలుగు క్యాలెండర్ చూసినా ఉజ్జాయింపుగా తెలిసిపోతుంది. కచ్చితమైన వేళలకి అమెరికా ప్రభుత్వ వాతావరణ, సముద్ర సంస్థ నోవా (NOAA) సైట్లో ఫోర్ట్ పులాస్కీ (టైబీ పక్కనే), చార్లెస్టన్ స్టేషన్లు చూడండి.

చార్లెస్టన్ పాత ఊరు పల్లంలో ఉంది. వాగులు పూడ్చి వేసిన వీధులు చాలా ఉన్నాయి. మార్కెట్ స్ట్రీట్, వాటర్ స్ట్రీట్ ఒకప్పుడు వాగులే. రేవులో నీటిమట్టం చూపే గేజి 7 అడుగులు దాటితే చుక్క వాన లేకపోయినా, ఎండ కాస్తుండగానే డ్రైన్లలోంచి నీళ్లు రోడ్డెక్కుతాయి. అవి ఉప్పునీళ్లు. ముందు కారు వెళ్లింది కదా అని మీరూ పోనివ్వకండి. తప్పక పోనిస్తే అదే రోజు అండర్‌బాడీ వాష్ చేయించండి, లేకపోతే తుప్పు ఖాయం. హోటల్ వాళ్ల పార్కింగ్ గరాజ్ ఏ వీధిలో ఉందో బుక్ చేసేముందే కనుక్కోవాలి.

ఫాలీ బీచ్‌ది మరో ఇబ్బంది. రేవు ముఖద్వారం దగ్గర 19వ శతాబ్దంలో సముద్రంలోకి కట్టిన జెట్టీలు (రాతి గట్లు) ఇసుక కొట్టుకురాకుండా అడ్డుపడటంతో బీచ్ కోసుకుపోతోంది. ఎప్పటికప్పుడు ఇసుక తెచ్చి పోస్తున్నా పోటు వేళ కొన్నిచోట్ల దుప్పటి పరిచే జాగా ఉండదు. వెళ్లే దారి ఫాలీ రోడ్ ఒక్కటే. వేసవి శనివారాల్లో పొద్దెక్కాక బయల్దేరితే పార్కింగ్ మీద ఆశ వదులుకోవచ్చు. దానికి బదులు సల్లివాన్స్ ఐలండ్‌కి వెళ్లండి. హోటళ్లూ హడావుడీ లేవు, వీధి పక్కన పార్క్ చేసుకోవచ్చు. నాలుగు టైర్లూ తారు రోడ్డు మీంచి పూర్తిగా దిగాలి, లేదంటే టికెట్ రాస్తారు.

సవానాని 1733లో జార్జియా కాలనీ స్థాపకుడు ఓగల్‌తోర్ప్ నది పక్కన సుమారు 40 అడుగుల ఎత్తున్న గట్టు మీద వేశాడు. ఊరి మధ్య చిన్న పార్కుల్లాంటి 24 స్క్వేర్లలో 22 ఇప్పటికీ ఉన్నాయి. పోటు ఎంత వచ్చినా ఊళ్లో నడకకి ఆటంకం లేదు. కారు ఎల్లిస్ స్క్వేర్ కింది విటేకర్ గరాజ్‌లో పెట్టేసి రోజంతా మర్చిపోవచ్చు. నది ఒడ్డున ఉన్న రివర్ స్ట్రీట్‌కి దిగే మెట్లు మాత్రం నిటారుగా, రాళ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, హీల్స్ వద్దు.

టైబీకి 18 మైళ్లు, దారి యూఎస్ 80 ఒక్కటే, అదీ బాడవ నేలలోంచి. ఫోర్ట్ పులాస్కీ గేజి 9.5 అడుగులు దాటే రోజుల్లో ఆ రోడ్డు కాసేపు మునుగుతుంది. కానీ ఆ వేళ ముందే తెలుస్తుంది కాబట్టి తప్పించుకోవడం తేలిక. అమావాస్య, పున్నమి వారాంతమైతే ఉదయం స్క్వేర్లు తిరిగి, పదకొండింటికి బయల్దేరి, దారిలోనే ఉన్న ఫోర్ట్ పులాస్కీ చూడండి. 1862లో, అంతర్యుద్ధంలో, రైఫిల్డ్ (గొట్టం లోపల మెలికల గాడులున్న) ఫిరంగుల దెబ్బకి ఇటుక గోడ బద్దలై కోట లొంగిపోయింది, ఆ గుంటలు గోడల మీద ఇంకా ఉన్నాయి. రెండింటికి టైబీ చేరేసరికి బీచ్ మైదానంలా ఉంటుంది. సాయంత్రం ఆరున్నరకల్లా వెనక్కి తిరగండి. దీవి దక్షిణం కొసన ఆటు వేళ తేలే ఇసుక మేట మీదికి నడుచుకుంటూ పోవద్దు; నీళ్లు వెనకనుంచి తిరిగొచ్చి మనుషులు చిక్కుకుపోతుంటారు. రెండు కొసల్లోనూ ఈత నిషేధం, ప్రవాహం అంత బలం. నీళ్లు నీలంగా లేవని దిగులు పడకండి, నదుల ఒండ్రు వల్ల రెండుచోట్లా గోధుమరంగే.

ఊరు వరకే అయితే చార్లెస్టన్‌దే పైచేయి, ఒప్పుకోవాల్సిందే. 1861 ఏప్రిల్ 12న అంతర్యుద్ధపు తొలి ఫిరంగి గుండ్లు పడ్డ ఫోర్ట్ సమ్టర్, ఆఫ్రికా వాళ్లని బానిసలుగా దించిన రేవు మీదే 2023లో తెరిచిన ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం, రంగురంగుల రెయిన్‌బో రో ఇళ్లు. సమ్టర్‌కి పడవలోనే వెళ్లాలి, రానూపోనూ రెండు గంటల పైనే పడుతుంది. అందుకే దీనికి మూడు రాత్రులు కావాలి. రెండే ఉంటే సవానా.

మిగతా ఊళ్లంటారా, ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్ 1565 నాటి స్పానిష్ ఊరు, కోట అద్భుతం, కానీ అట్లాంటా నుంచి ఆరు గంటలు. హిల్టన్ హెడ్‌లో బీచ్ ఉంది, పాత ఊరు లేదు.

శాకాహారులైతే రెండుచోట్లా అడిగే తినాలి. గ్రిట్స్ మొక్కజొన్న రవ్వే అయినా కొన్నిచోట్ల చికెన్ బ్రాత్‌లో ఉడికిస్తారు, కాలర్డ్ ఆకుకూరలో పంది మాంసం, రెడ్ రైస్‌లో (టమాటా అన్నం) బేకన్ తరచుగా ఉంటాయి.

రెండూ కలపాలంటే మధ్య దూరం రెండు గంటలే. అట్లాంటా వాళ్లు ముందు చార్లెస్టన్ చూసి, సవానా నుంచి ఇంటికి తిరగండి, చివరిరోజు డ్రైవ్ గంట తగ్గుతుంది. మార్చి 17 అటూఇటూగా మాత్రం సవానా వద్దు. సెయింట్ పాట్రిక్స్ డే జనంలో గది దొరకదు, దొరికినా ఆ రేటుకి మరోసారి వెళ్లి రావచ్చు.