హనుమకొండ మినియేచర్ నైట్: బహుమతి చీటీల డబ్బాలోకి వచ్చాక

హనుమకొండలో మేం ఆడే షాపు శనివారం కిల్ టీమ్ నైట్ (కిల్ టీమ్ అంటే చిన్న సైనికుల బొమ్మలతో, పాచికలు వేస్తూ ఇద్దరు ఆడే ఆట) ఎలా ఉంటుందని ఎవరడిగినా నా నోట ముందు వచ్చేది చీటీల డబ్బా సంగతే. టెర్రైన్ (బోర్డు మీద పెట్టే గోడలు, శిథిలాల బొమ్మలు), టేబుళ్లు, ఏసీ అన్నీ దాని తర్వాతే. రెండేళ్లకు పైగా ఇక్కడ ఆడుతున్నాను. జనాన్ని నిలబెట్టింది ఆ డబ్బానే, అంతకుముందు జనాన్ని తరిమింది ఫస్ట్ ప్రైజు.

పద్ధతి ఇదీ. ఎంట్రీ ₹150. పూర్తి చేసిన ప్రతి రౌండుకూ ఒక చీటీ, గెలిచినా ఓడినా సరే. టీమ్‌లోని బొమ్మలన్నిటికీ మూడు రంగులు పడి, అవి నిలబడే బేసులు కూడా పూర్తయి ఉంటే ఇంకొకటి. కొత్తవాళ్లని తీసుకొచ్చి మొదటి రౌండ్ వాళ్లతో తామే ఆడితే మరొకటి. అంటే మూడు రౌండ్ల రోజు ఎవరికైనా ఐదు చీటీలకు మించి రావు. మూడో రౌండ్ అయ్యాక బహుమతులన్నీ ఒక టేబుల్ మీద పరుస్తారు. డబ్బాలోంచి ఎవరి చీటీ తీస్తే వాళ్లు వెళ్లి కావలసింది ఎంచుకుంటారు. ఒకసారి తీసుకున్నవాళ్ల పేరు మళ్లీ వస్తే ఆ చీటీ పక్కన పెట్టేస్తారు. డ్రా సమయానికి షాపులో లేకపోతే లెక్కలోకి రారు. ఫస్ట్ వచ్చినవాళ్లకి దక్కేవి రెండు: లేజర్ కటింగ్‌లో తేదీ చెక్కిన ఎండీఎఫ్ చెక్క బిళ్ల, చీటీలు తీయకముందే ఒక వస్తువు ఎంచుకునే అవకాశం.

దీని విలువ తెలియాలంటే పాత పద్ధతిలో ఒక రాత్రి ఏం జరిగిందో చెప్పాలి. అప్పుడు ఎంట్రీ ₹300, వచ్చిన డబ్బంతా కలిపి ఒకే పెద్ద బాక్సు, అది ఫస్ట్‌కే. ఆ రోజు పదిమంది వచ్చారు. స్విస్ పద్ధతి (ఓడినా ఎవరినీ తీసేయరు, ప్రతి రౌండులో గెలుపులు సమానంగా ఉన్నవాళ్లని జత చేస్తారు), మూడు రౌండ్లు. చిక్కంతా ఇక్కడే ఉంది. మూడు రౌండ్లలో ఓటమి లేనివాడు ఒక్కడే తేలాలంటే ఎనిమిది మందికి మించకూడదు. తొమ్మిది నుంచి పదహారు దాకా అయితే నాలుగు రౌండ్లు కావాలి. పదిమందికి రెండు రౌండ్లయ్యేసరికి రెండూ గెలిచినవాళ్లు ముగ్గురు, ఒకటి గెలిచి ఒకటి ఓడినవాళ్లు నలుగురు, రెండూ ఓడినవాళ్లు ముగ్గురు మిగిలారు. కింది ముగ్గురికీ ఇక బాక్సు రాదని తేలిపోయింది. హాస్టల్ గేటు టైము కూడా దగ్గర పడింది. బ్యాగులు సర్దుకొని వెళ్లిపోయారు.

మిగిలింది ఏడుగురు. బేసి సంఖ్య కాబట్టి ఒకరికి బై, అంటే ప్రత్యర్థి లేకుండానే గెలుపు, ఇవ్వక తప్పలేదు. ఒక గెలుపు మాత్రమే ఉన్నాయన ఆడకుండానే రెండో గెలుపు రాయించుకొని, టాప్ టేబుల్ మీద చివరి టర్నింగ్ పాయింట్ (ఒక ఆటలో ఉండే నాలుగు దశల్లో ఒక్కోదాన్ని అలా అంటారు) దాకా పోరాడి ఓడినవాడితో సమానమయ్యాడు. పైన ఉన్న ముగ్గురిలో ఇద్దరు ఒకరితో ఒకరు ఆడారు. మూడో ఆయనకి కింది గ్రూపు నుంచి ప్రత్యర్థి దొరికాడు. చివరికి మూడుకు మూడు గెలిచినవాళ్లు ఇద్దరు తేలారు. టై తెంచడానికి విక్టరీ పాయింట్లు (ఆటల్లో సంపాదించిన స్కోరు) కూడారు. తేలికైన ప్రత్యర్థితో ఆడినాయనకి సహజంగానే పాయింట్లు ఎక్కువ వచ్చాయి, బాక్సు ఆయనది. గట్టివాడిని ఓడించి, ఒక్క ఓటమీ లేకుండా ఉన్న రెండో ఆయనకి ఏమీ లేదు. లొల్లి అక్కడ మొదలైంది. ఎవరూ మోసం చేయలేదు, రూల్స్ ప్రకారమే జరిగింది. కానీ బహుమతి ఒక్కటే అయినప్పుడు టైబ్రేకర్ మీద అంత బరువు పడుతుంది. ఆ బరువు మోయడానికి మూడు రౌండ్లు చాలవు.

ఇంకో నష్టం ఉంది. గెలిచినాయన ఆ బాక్సులోని ఫ్యాక్షన్ (ఆ బొమ్మల సైన్యం) ఆడడు. వారం తిరక్కుండానే తక్కువ ధరకి వేరేవాళ్లకి అమ్మేశాడు. అది షాపులో కొనాల్సినవాడే ఆయన దగ్గర కొన్నాడు, షాపుకి ఒక అమ్మకం పోయింది. రెండూ ఓడి వెళ్లిపోయిన ముగ్గురూ స్టూడెంట్లు, వాళ్లు మళ్లీ రాలేదు. తర్వాత మధ్యలో ఉండేవాళ్లు మానేశారు. బాగా ఆడేవాళ్లకి కొన్నాళ్లకి ఎదురు కూర్చునే మనిషే కరువయ్యాడు.

చీటీలు వచ్చాక రెండు ఓడినవాళ్లు మూడో రౌండుకి ఉంటున్నారు. ఉండకపోతే మూడో చీటీ రాదు, డ్రాలో పేరూ ఉండదు. ఉన్నందుకు ఇంకో లాభం: మూడో రౌండులో కింది టేబుల్ మీద జరిగే ఆటే చాలాసార్లు ఆ సాయంత్రానికి బెస్ట్ ఆట. ఇద్దరూ ఒకే స్థాయి, ఇద్దరికీ నేర్చుకునే తొందర, ఏ ప్లాయ్ (టీమ్‌కి ఉండే ప్రత్యేక ఎత్తు) ఎప్పుడు వాడాలో ఒకరికొకరు చెప్పుకుంటూ ఆడతారు.

ఇది కొత్త ఆలోచనేం కాదు. స్టార్ వార్స్ అంతరిక్ష నౌకల ఆట ఎక్స్-వింగ్ ఆడినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, షాపులకొచ్చే కిట్లలో వేరే బొమ్మతో వేసిన కార్డు ఆడటానికి వచ్చినవాళ్లందరికీ, అక్రిలిక్ టోకెన్లు పైన నిలిచిన కొందరికీ అన్నట్టు ఉండేది. ఆ గేమ్ అభివృద్ధిని 2024లో ఆపేశారు గానీ ఆ అమరిక మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది.

పెయింటింగ్ చీటీ నాకు మరీ నచ్చింది. కిల్ టీమ్‌కి పెద్దన్న లాంటి ఆట వార్‌హామర్ 40,000 (40కె) పదో ఎడిషన్‌లో 100 పాయింట్లలో 10 రంగులు వేసిన ఆర్మీకే ఇస్తారు. అంటే బూడిద రంగు ప్లాస్టిక్‌తో వచ్చిన కొత్తవాడు పాచికలు వేయకముందే వెనకబడతాడు. ఇక్కడ ఆట ఫలితం ముట్టుకోరు, చీటీ మాత్రం ఒకటి తగ్గుతుంది. వానాకాలంలో ఒక మాట. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా స్ప్రే ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) జోలికి పోవద్దు. గాలిలో తేమకి ప్రైమర్ గరుకుగా, ఉప్పు చల్లినట్టు పడుతుంది, ముఖాల మీద వివరాలన్నీ పోతాయి. బ్రష్‌తో వేసే ప్రైమర్‌ని పల్చగా రెండు పూతలు, మధ్యలో గంట ఆరనిచ్చి వేసుకుంటే చాలు. హాస్టల్ గదిలో వాసన గొడవ కూడా ఉండదు.

ఇంతగా మెచ్చుకున్నా కొన్ని కలపాలి. జనం పెరగడంలో డబ్బాకి ఎంత వాటా, టైము మార్పుకి ఎంత వాటా అని విడదీసి చెప్పడం కష్టం. అదే రోజుల్లో మొదలుపెట్టే టైమును ఐదున్నర నుంచి నాలుగుకి జరిపారు. రౌండుకి 90 నిమిషాలు, మధ్యలో పది నిమిషాలు, మొత్తం తొమ్మిదికి పది నిమిషాల ముందు అయిపోతుంది. కాజీపేట వైపు, కరీంనగర్ రూట్‌లో వెళ్లేవాళ్లకి అది పెద్ద తేడా.

ఇంకొకటి. మొదట్లో చీటీ కోసమే కూర్చునేవాళ్లు తయారయ్యారు. మొదటి టర్నింగ్ పాయింట్‌లో తమ ఆపరేటివ్‌లు (టీమ్‌లోని సైనికులు) ఇద్దరు పడగానే 'నువ్వే గెలిచావు' అని చేయి కలిపి ఫోన్ తీసేవారు. అవతలివాడి గంటన్నర వృథా. ఇప్పుడు నాలుగింటిలో కనీసం మూడు టర్నింగ్ పాయింట్లు ఆడితేనే చీటీ. చాలావరకు సర్దుకుంది, పూర్తిగా కాదు.

బహుమతుల్లో బేసుల మీద అతికించే చిన్న పొదలు, గడ్డి కుచ్చులు, 32 ఎంఎం బేసులు, ఒకటో నంబర్ బ్రష్, చేతి డ్రిల్ ముందుగా పోతాయి. పోస్టర్లు ఆఖరిదాకా ఉంటాయి. ₹200 కూపన్లు పెట్టి చూశారు, నడవలేదు. గడువు నెల రోజులే, ఆ నెలలో మనకు కావలసిన సరుకు రాకపోతే కాగితం ముక్కే. రంగులు తీసుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఏప్రిల్, మే ఎండలకి షటర్ పక్క అరలో ఉన్న 12 ఎంఎల్ మూత డబ్బాల్లో రంగు ఎండిపోతోంది. చెవి దగ్గర పెట్టి ఊపండి. నీళ్లు కదిలినట్టు వినిపిస్తే మంచిదే. ఏమీ కదలకపోతే మూత తీసి టూత్‌పిక్‌తో గుచ్చండి. చిక్కటి పెరుగులా ఉంటే నాలుగైదు చుక్కల ఆర్‌వో నీళ్లు పోసి, ఒక స్టెయిన్‌లెస్ స్టీల్ గుండు వేసి, రాత్రంతా ఉంచి ఊపితే తిరిగొస్తుంది. రబ్బరులా సాగితే అక్రిలిక్ గట్టిపడిపోయినట్టే, ఇక నీళ్లలో కరగదు, ఆ డబ్బా వదిలేయండి. డ్రాపర్ సీసాలకి ఈ బెడద తక్కువ.

టేబుళ్ల విషయం త్వరగా చెప్పేస్తాను. కిల్ టీమ్ బోర్డు 22×30 అంగుళాలు, 40కె పెద్ద ఆట టేబుల్ 44×60. లెక్కకి ఒక టేబుల్ మీద నాలుగు బోర్డులు పడతాయి. కానీ లోపలి అంచున నిలబడే చోటు ఉండదు, మోచేతులు తగిలి మోడల్స్ పడిపోతాయి. షాపు ఒక్కో టేబుల్ మీద రెండే వేస్తుంది, అదే సరైనది. అందుకే పన్నెండు మంది దాటితే చోటు చాలదు, ముందే పేరు ఇవ్వాలి.

సెమిస్టర్ పరీక్షలప్పుడు, బతుకమ్మ నుంచి దసరా దాకా, రెండేళ్లకోసారి మేడారం జాతర వారంలో ఏ డబ్బా పెట్టినా జనం రారు. జాతరకి బస్సులన్నీ అటే పోతాయి. ఆ వారాల్లో ఎంట్రీ తీసుకోకుండా ఊరికే ఆడుకోనిస్తే బాగుంటుందని నా అభిప్రాయం. నలుగురితో డ్రా తీస్తే బహుమతుల టేబుల్ బోసిగా ఉంటుంది, వచ్చిన కొత్తవాళ్లు దాన్నే ఈ నైట్ అసలు రూపం అనుకుంటారు.

రావాలా వద్దా అంటే, మీరు హనుమకొండలోనో కాజీపేటలోనో ఉండి, ఒక టీమ్ ఉండి, శనివారం సాయంత్రం ఖాళీ అయితే రండి. ర్యాంకింగ్ కోసం, గట్టి పోటీ కోసం చూసేవాళ్లకి ఎండీఎఫ్ బిళ్ల చప్పగా అనిపించవచ్చు. అలాంటివాళ్లకి పొద్దున రైలెక్కి హైదరాబాద్ వెళ్లడమే మేలు. జగిత్యాల, మంచిర్యాల నుంచి వచ్చేవాళ్లు బస్సు చార్జీ, తిరుగు బస్సు టైము చూసుకొని, షాపుకి ఫోన్ చేసి ఎంతమంది పేర్లిచ్చారో కనుక్కొని బయలుదేరండి. ఎనిమిది పేర్లున్నాయంటే రావచ్చు.